పటం చించేస్తే మంట ఆగుతుందా?

అమెరికా వాయవ్య మూలన, పసిఫిక్ సముద్రపు ఒడ్డున ఆరెగాన్ అనే రాష్ట్రం ఉంది. 2025 జూలైలో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఒక విచిత్రమైన పని చేసింది. అడవుల పక్కనున్న ఏ ఇంటికి, ఏ పొలానికి కార్చిచ్చు ముప్పు ఎంత ఉందో చూపించే పటాన్ని చట్టం చేసి మరీ రద్దు చేసింది. ఆ పటం తయారు చెయ్యమని 2021లో చట్టం చేసింది కూడా ఆ శాసనసభే. నాలుగేళ్ళ తర్వాత అధికార పక్షం, ప్రతిపక్షం చేతులు కలిపి, దాదాపు ఏకగ్రీవంగా దాన్ని చెరిపేశాయి. కట్టిందీ వాళ్ళే, కూల్చిందీ వాళ్ళే.

ఎక్కడో అమెరికాలో పటం ఉంటే మనకేం, పోతే మనకేం అని కొందరు మిత్రులు అడగవచ్చు. కాని ఈ కథలో మనకు తెలిసిన మనుషులు చాలామంది ఉన్నారు. తోటల్లో కాయలు కోసే కూలీలున్నారు. తన నేలకు చెడ్డపేరు వస్తుందని భయపడిన రైతులున్నారు. లాభం ఉన్నంతవరకు బీమా అమ్మి, ముప్పు కనిపించగానే మూట సర్దుకునే కంపెనీలున్నాయి. వీళ్ళందరి మధ్య ఒక ప్రశ్న ఉంది: అడవి పక్కనున్న ఇంటి ముప్పును ఎవరు లెక్కగడతారు, ఎవరి కోసం లెక్కగడతారు? నల్లమలలో, ఏజెన్సీలో, అడవి అంచునున్న ప్రతి పల్లెలో ఈ ప్రశ్న మనకూ ఉంది.

2020 సెప్టెంబరు 8

పటం ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఆ రోజు ఏం జరిగిందో చూడాలి. ఆరెగాన్ దక్షిణాన రోగ్ నది లోయ ఉంది. అక్కడ బేరికాయ తోటలు, ద్రాక్ష తోటలు ఎక్కువ. తోటల్లో పనిచేసేవాళ్ళలో అధిక సంఖ్యాకులు మెక్సికో తదితర దేశాల నుంచి వలస వచ్చిన కూలీలు. యాష్‌లాండ్, మెడ్‌ఫర్డ్ అనే రెండు పట్టణాల మధ్య టాలెంట్, ఫీనిక్స్ అనే చిన్న ఊళ్ళున్నాయి. కూలీలలో చాలామంది ఈ ఊళ్ళలోనే, ట్రెయిలర్ పార్కులలో కాపురముండేవాళ్ళు.

ట్రెయిలర్ పార్కు అంటే ఏమిటో మన పాఠకులకు కొంచెం చెప్పాలి. ఫ్యాక్టరీలో తయారు చేసి లారీ మీద తెచ్చి దింపిన రేకు డబ్బా లాంటి ఇల్లు. ఆ డబ్బా కూలివాడిది, దాని కింద నేల మాత్రం పార్కు యజమానిది. ప్రతి నెలా నేలకు అద్దె కట్టాలి. డబ్బాకీ డబ్బాకీ మధ్య జాగా తక్కువ. మన దగ్గర భూస్వామి పోరంబోకు అంచున, చెరువు గట్టున వరసగా వేసుకున్న గుడిసెల పరిస్థితి ఎలాంటిదో ఇదీ అలాంటిదే. రూపం వేరు, పట్టా లేకపోవడం ఒకటే.

ఆ రోజు పొద్దున పదకొండు గంటల ప్రాంతంలో యాష్‌లాండ్ ఉత్తరపు అంచున గడ్డిలో నిప్పు పుట్టింది. దీన్నే ఆల్మీడా మంట అంటారు. ఇది దట్టమైన అడవిలోంచి వచ్చిన మంట కాదు, ఈ విషయం పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. ఊళ్ళ మధ్యగా పోయే ఒక వాగు వెంబడి, ఎండిన గడ్డిని, ముళ్ళ పొదలను పట్టుకుని బలమైన గాలితో అది ఊళ్ళ మీదికి నడిచింది. తర్వాత దానికి చెట్టూ పుట్టా అక్కర్లేకపోయింది. ఇల్లే ఇంటికి నిప్పు పెట్టింది. సాయంత్రానికి 2,500 ఇళ్ళ దాకా బూడిదయ్యాయి. అందులో సగానికి పైగా ట్రెయిలర్ పార్కుల ఇళ్ళే. ముగ్గురు చనిపోయారు. ఆ వారంలో ఆరెగాన్ రాష్ట్రమంతటా పది లక్షల ఎకరాలకు పైగా కాలింది, 4,000కు పైగా ఇళ్ళు పోయాయి.

రేడియో, టెలివిజన్ ప్రసారాలను ఆపి హెచ్చరిక వినిపించే అత్యవసర ఏర్పాటు అక్కడ ఉంది. ఆ రోజు జిల్లా యంత్రాంగం దాన్ని వాడలేదు. ఇంగ్లీషు రాని కూలీలకు వాళ్ళ స్పానిష్ భాషలో సకాలంలో చెప్పిన నాథుడు లేడు. పొరుగువాడు తలుపు కొట్టి చెబితే తెలిసింది, పొగ కళ్ళబడితే తెలిసింది.

ముప్పు వేరు, నష్టభయం వేరు

ఈ ఘోరం తర్వాత 2021లో చట్టం వచ్చింది. రాష్ట్రంలో ప్రతి సర్వే నంబరుకూ మంట ముప్పు ఎంతో లెక్కగట్టాలి. ముప్పు ఎక్కువున్న చోట కొత్తగా కట్టే ఇళ్ళు నిప్పుకు తట్టుకునేలా ఉండాలి. ఇంటి చుట్టూ పొదలు, చెత్త తీసెయ్యాలి. పటం తయారు చేసే పని ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి అప్పగించారు.

పండితులు పటం ఎలా గీశారు? నాలుగు సంగతులు తీసుకున్నారు: వాతావరణం, ఏళ్ళ తరబడి ఉన్న శీతోష్ణస్థితి, నేల వాలు, నేల మీద పెరిగే చెట్టూ గడ్డీ. రాష్ట్రాన్నంతా చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో మంట పుట్టే అవకాశం ఎంత, పుడితే ఎంత తీవ్రంగా మండుతుంది అని లెక్కవేశారు.

ఈ లెక్కలో శాస్త్రం ఉంది, కాదనం. ఎగువ వాలులో మంట ఎంత వేగంగా ఎక్కుతుందో కొండ మీద పోడు కొట్టిన ప్రతి గిరిజనుడికీ తెలుసు. కింద మండుతున్న నిప్పు పైనున్న గడ్డిని ముందే ఎండబెట్టి సిద్ధం చేస్తుంది. పది డిగ్రీల వాలు పెరిగితే మంట నడక సుమారు రెట్టింపవుతుందని అటవీ నిపుణుల మోటు లెక్క. గాలి వాటం, ఎండుటాకు మందం కూడా అంతే ముఖ్యం. ఇవన్నీ పటంలోకి వచ్చాయి.

రానిది ఏమిటి? ఇల్లు రాలేదు. ఇంటి కప్పు రేకా, చెక్కా, పెంకా అన్నది రాలేదు. చూరు కింద సందు ఉందా, గోడకు కట్టెలు ఆనించి ఉన్నాయా అన్నది రాలేదు. పక్క ఇల్లు ఎన్ని గజాల దూరంలో ఉందో రాలేదు. ఇంట్లో ముసలమ్మ ఉందా, ఆమెను తీసుకుపోవడానికి బండి ఉందా అన్నది అసలే రాలేదు.

అంటే పండితులు గీసింది ముప్పు పటం. ఆ జాగాకు నిప్పు వచ్చే అవకాశం ఎంత అన్న ప్రశ్నకే అది జవాబు చెబుతుంది. నిప్పు వస్తే ఎవరికి ఎంత నష్టం అన్నది వేరే ప్రశ్న. దాన్ని నష్టభయం అందాం. చేలోకి పురుగు వస్తుందా అన్నది ఒక సంగతి. వస్తే పదెకరాల ఆసామి తట్టుకుంటాడు, కౌలుకు తీసుకుని అప్పుతో విత్తిన రైతు పురుగుమందు డబ్బా ఎత్తుతాడు. పురుగు ఒకటే, చేను పక్కపక్కనే, ఫలితం మాత్రం ఒకటి కాదు. ముప్పు భూమిది, నష్టభయం మనిషిది.

మొదట 2022 జూన్ చివర విడుదల చేసినప్పుడు దీనికి నష్టభయం పటం అనే పేరు పెట్టారు. సుమారు 80,000 మంది ఆస్తిదారులకు నోటీసులు పోయాయి. పెద్ద అల్లరి అయింది. ఆగస్టు మొదట్లోనే పటాన్ని వెనక్కి తీసుకున్నారు. తర్వాత 2023లో చట్టం మార్చి దాన్ని ముప్పు పటం అన్నారు. 2025 జనవరిలో రెండోసారి విడుదల చేస్తే లక్షా ఆరువేల మందికి నోటీసులు వెళ్ళాయి. ఇది రాష్ట్రంలోని మొత్తం స్థలాలలో ఆరు శాతం దాకా ఉంటుంది. మళ్ళీ అల్లరి, ఆరు నెలల్లో రద్దు.

రైతు ఎందుకు తిరగబడ్డాడు?

పటానికి ఎదురుతిరిగిన వాళ్ళందరినీ మూర్ఖులని కొట్టిపారెయ్యడం పట్నం పత్రికలకు తేలిక. మేము అలా అనలేం. వాళ్ళ ఫిర్యాదులలో న్యాయమైనవి ఉన్నాయి.

మొదటి పటంలో నీళ్ళు పారుతున్న పచ్చిక బయళ్ళు, తడి పొలాలు కూడా ముప్పు ఎక్కువున్న గళ్ళలో పడ్డాయి. కాలువ నీళ్ళతో మోకాలి లోతు పచ్చగా ఉన్న నేల మీద కార్చిచ్చు ఎలా నడుస్తుందని రైతులు నిలదీశారు. రెండోసారి గీసినప్పుడు సాగునీటి సంగతి లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది. ముందే ఊరికి పోయి అడిగి ఉంటే మొదటిసారే తేలిపోయేది. గదిలో కూర్చుని గీసిన పటాలకు ఈ జబ్బు ఎక్కడైనా ఉంటుంది. మన దగ్గర మాత్రం తరాలుగా దున్నుతున్న భూములను అటవీ హద్దుల్లో చూపించిన పటాలు లేవా?

రెండో ఫిర్యాదు ఇంకా పదునైంది. ఒక రైతు తన సొంత ఖర్చుతో ఇంటి చుట్టూ పొదలు కొట్టి, కప్పు మార్చి, నీళ్ళ తొట్టి కట్టుకున్నా పటంలో రంగు మారదు. ఎందుకంటే పటం ఇంటిని చూడదు. నీ కష్టానికి విలువ లేదు, నీ నేలకు మాత్రం ముద్ర ఉంది అన్నట్టయింది.

మూడోది అన్నిటికన్నా పెద్దది: బీమా భయం. అమెరికాలో అప్పు చేసి ఇల్లు కొన్నవాడు బీమా లేకుండా ఉండడానికి బ్యాంకు ఒప్పుకోదు. బీమా పోతే ఇల్లే పోయినట్టు. 2023లో ఆరెగాన్ శాసనసభ రాష్ట్ర పటాన్ని చూపించి బీమా రద్దు చెయ్యడం గాని, రేటు పెంచడం గాని చెయ్యకూడదని కంపెనీలకు చట్టం చేసింది. మంచిదే. కాని జనం నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? కంపెనీల దగ్గర వాటి సొంత లెక్కలున్నాయి. ఆ లెక్కలు బయటివాడికి చూపించరు. ప్రభుత్వ పటం మీద అప్పీలు చేసుకోవచ్చు, ఊరి సభలో అరవవచ్చు, చివరికి చించెయ్యవచ్చు. కంపెనీ లోపలి లెక్క మీద సామాన్యుడికి ఏ అప్పీలు ఉంది?

పక్క రాష్ట్రం కాలిఫోర్నియాలో జరిగింది చూస్తే ఆ భయం ఉత్తుత్తిది కాదని తెలుస్తుంది. అక్కడి అతిపెద్ద గృహ బీమా సంస్థ స్టేట్ ఫార్మ్ 2023 మేలో కొత్త పాలసీలు ఆపేసింది. 2024 మార్చిలో, ఉన్నవాటిలోనే సుమారు 72,000 పాలసీలు కొనసాగించబోమని ప్రకటించింది. 2025 జనవరిలో లాస్ ఏంజెలిస్ చుట్టుపక్కల 16,000కు పైగా కట్టడాలు కాలిపోయాయి. దశాబ్దాలపాటు ప్రీమియం పుచ్చుకున్నవాడు, అవసరం వచ్చేవేళకు తలుపు మూసుకున్నాడన్న మాట.

అందుకని మా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాం. రైతుల కోపం న్యాయం. ఆ కోపాన్ని పటం మీదికి మళ్ళించడం మాత్రం పాలకుల తెలివి. పటం రద్దయింది, కంపెనీల రహస్య లెక్క రద్దు కాలేదు. పటంతో పాటు వచ్చిన తప్పనిసరి జాగ్రత్తలు పోయి, ఇష్టముంటే స్థానిక సంస్థలు అమలు చేసుకోవచ్చు అనే స్థాయికి దిగజారాయి. జ్వరం చూసే గొట్టాన్ని పగలగొట్టి జ్వరం తగ్గిందన్నట్టుంది ఈ వ్యవహారం.

ఇల్లు ఎలా అంటుకుంటుంది?

ఇక్కడ కొంచెం శాస్త్రం మాట్లాడుకుందాం. ఇది తెలిస్తే లెక్క ఎక్కడ మొదలు పెట్టాలో తెలుస్తుంది.

కొండంత ఎత్తున మంట వచ్చి ఇంటిని మింగేస్తుందని మనం అనుకుంటాం. జాక్ కోహెన్ అనే అమెరికా అటవీశాఖ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి దీన్ని పరిశీలించాడు. 1990ల చివరలో కెనడా ఉత్తరాది అడవిలో చెట్ల కొనల దాకా మండే మంటలు పెట్టి, ఎదురుగా చెక్క గోడలు నిలబెట్టి చూశారు. పది మీటర్ల దూరంలోని గోడలు కొన్ని అంటుకున్నాయి. ఇరవై, ముప్పై మీటర్ల దూరంలోవి అంటుకోలేదు. పెద్ద మంట ఒకచోట ఎక్కువసేపు నిలవదు, ముందుకు పోతుంది. దాని సెగ చెక్కను అంటించడానికి వ్యవధి చాలదు.

మరి వందల గజాల దూరంలోని ఇళ్ళు ఎలా కాలుతున్నాయి? రవ్వల వల్ల. గాలికి లేచిన నిప్పురవ్వ మైలు దూరం కూడా పోయి పడుతుంది. చూరు సందులో దూరుతుంది, కప్పు మీది ఎండుటాకుల్లో కూర్చుంటుంది, గోడకు ఆనించిన కట్టెల మోపులో రాజుకుంటుంది. ఊరు కాలిన చోట్ల చుట్టూ చెట్లు పచ్చగా నిలబడి, మధ్యన ఇల్లు మాత్రం బూడిదై కనిపించడానికి కారణం ఇదే. అందుకే గోడ చుట్టూ మొదటి ఐదడుగులలో అంటుకునే వస్తువేదీ ఉండకూడదని, ఆ పైన ముప్పై అడుగుల దాకా పలచగా ఉండాలని, వంద అడుగుల దాకా కనిపెట్టి ఉండాలని అమెరికాలో నియమం పెట్టుకున్నారు.

2017 అక్టోబరులో కాలిఫోర్నియాలోని సాంటా రోసా పట్టణంలో ఏం జరిగింది? కాఫీ పార్క్ అనే పేట తీవ్ర ముప్పు మండలం పటంలో లేదు. అందుకని అక్కడి ఇళ్ళకు అడవి మంటల కట్టడి నియమాలు వర్తించలేదు. గాలికి రవ్వలు పెద్ద రహదారిని దాటి వచ్చాయి. ఆ పేట నేలమట్టమయింది. పటంలో రంగు లేనంత మాత్రాన రవ్వ ఆగలేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2018 నవంబరులో అదే రాష్ట్రంలో ప్యారడైజ్ అనే ఊరు మొత్తం కాలింది. 85 మంది చనిపోయారు, 18,000కు పైగా కట్టడాలు పోయాయి. ఆ ఊళ్ళో, 2008లో కొత్త నియమాలు వచ్చిన తర్వాత కట్టిన ఇళ్ళలో సగం దాకా నిలబడ్డాయి. అంతకు ముందు కట్టిన పాత ఇళ్ళలో ఐదింట ఒకటి కూడా దక్కలేదు. ఊరు ఒకటే, గాలి ఒకటే, మంట ఒకటే. తేడా ఇంట్లో ఉంది. ఇల్లు ఎలాంటిదన్నది ఆ ఇంటివాడి సంపాదన మీద ఉంది.

నిప్పు ఎలా పుట్టిందన్నది కూడా లెక్కలోకి రావాలి. ప్యారడైజ్ మంటకు కారణం పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ అనే ప్రైవేటు విద్యుత్ కంపెనీ లైను. వందేళ్ళకు దగ్గర పడిన స్తంభం మీద అరిగిపోయిన ఇనుప కొక్కెం తెగింది. 2020 జూన్‌లో ఆ కంపెనీ 84 మంది మరణానికి కారకులమని కోర్టులో ఒప్పుకుంది. నేరానికి వేసిన జరిమానా సుమారు 35 లక్షల డాలర్లు. జైలుకు పోయినవాడు ఒక్కడూ లేడు. ఆరెగాన్‌లోనూ 2020 నాటి కొన్ని మంటలలో, హెచ్చరికలు వచ్చినా కరెంటు ఆపని పసిఫీకార్ప్ కంపెనీది ఘోర నిర్లక్ష్యమని 2023 జూన్‌లో జ్యూరీ తేల్చింది. గడ్డి కొయ్యలేదని పేదవాడికి నోటీసు ఇచ్చే పటం, కొక్కెం మార్చని కంపెనీని ఏ గడిలో చూపించింది?

కూలివాడు ఏ లెక్కలో ఉన్నాడు?

ఆల్మీడా మంటలో ఇల్లు పోయిన తోట కూలీల సంగతికి వద్దాం. నేల వాళ్ళది కాదు కాబట్టి నేలకు వచ్చే పరిహారం వాళ్ళది కాదు. పాత ట్రెయిలర్లకు చాలామందికి బీమా లేదు. ఉన్నవాళ్ళకు వచ్చిన డబ్బు కొత్తది కొనడానికి చాలలేదు. కాగితాలు లేని వలస కూలీకి కేంద్ర ప్రభుత్వపు నగదు సాయం దక్కదు. ఇంట్లో అక్కడే పుట్టిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ పేరు మీద దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇల్లు పోయిన మర్నాడు కూడా కాయ కొయ్యాలి. మంటల కాలం, కోతల కాలం ఒకటే. కాలిఫోర్నియాలోని సొనోమా ద్రాక్ష తోటలలో 2020లో జనాన్ని ఖాళీ చేయించిన ప్రాంతాలలోకి కూడా ప్రత్యేక పాసులిచ్చి కూలీలను పంపారు. ఇంటి యజమాని లోపల ఉంటే ప్రాణాపాయమట, కూలివాడు కోతకు పోతే అపాయం లేదట! కూలీలు ఊరుకోలేదు. మా భాషల్లో హెచ్చరిక చెప్పండి, అపాయానికి అదనపు కూలి ఇవ్వండి, పని పోయిన రోజులకు సాయం చెయ్యండి అని సంఘాలు కట్టి అడిగారు. ఆ పోరాటాల ఒత్తిడి వల్లనే పాసుల నియమాలు 2022లో కొంత బిగిశాయి. అదే ఏడు ఆరెగాన్‌లో పొగ నియమం వచ్చింది. గాలిలో పొగ సూచీ 101 దాటితే యజమాని ఉచితంగా ముక్కు మాస్కులు ఇవ్వాలి. 251 దాటితే పెట్టించి తీరాలి.

మంట ఆర్పేవాళ్ళెవరు? లాస్ ఏంజెలిస్ మంటల్లో వెయ్యిమందికి పైగా ఖైదీలు పనిచేశారు. అప్పటి వాళ్ళ కూలి రోజుకు ఐదు నుంచి పది డాలర్ల చిల్లర, మంట మీద ఉన్నప్పుడు గంటకో డాలరు అదనం. అదే రాష్ట్రంలో 2025లో కనీస వేతనం గంటకు పదహారున్నర డాలర్లు. గొడవ జరిగాక 2025 అక్టోబరులో మంట మీద పనికి గంటకు ఏడుంబావు డాలర్లు ఇచ్చేలా చట్టం చేశారు. మన దేశంలో మాత్రం? 2024 జూన్ 13న ఉత్తరాఖండ్ బిన్సర్ అభయారణ్యంలో మంట ఆర్పబోయి నలుగురు సజీవ దహనమయ్యారు. వాళ్ళు బీట్ ఆఫీసరు, ఫైర్ వాచరు, దినకూలి వంటి కింది తరగతి వాళ్ళే. పై అధికారి ఒక్కడూ ఆ జాబితాలో లేడు.

మన గుడిసె ధర ఎంత?

మన సంగతి చూసుకుందాం. దేశంలోని అడవిలో 36 శాతానికి పైగా తరచు మంటలు వచ్చే ప్రాంతమని భారత అటవీ సర్వే సంస్థ 2019 నివేదికలో చెప్పింది. మన నల్లమల, తూర్పు కనుమల అడవులు ఆకు రాల్చే అడవులు. మాఘ ఫాల్గుణాలకు నేలంతా ఎండుటాకు పరుచుకుంటుంది. తునికాకు కోత, ఇప్పపువ్వు ఏరడం కూడా ఎండాకాలంలోనే. అడవి అంచున చెంచు పెంటలలో, కోయ గూడేలలో వెదురు తడికలు, బోదగడ్డి కప్పులు. ఇంటి పక్కనే గడ్డివాము, గోడకు ఆనించిన కట్టెలు. ఆ ఐదడుగుల నియమం లెక్కన చూస్తే, మన ఇల్లే ఒక గడ్డివాము.

అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల ద్వారా మంటలు కనిపెట్టి ఫోన్లకు హెచ్చరికలు పంపుతోంది. మామూలు పౌరుడు కూడా తన నంబరు నమోదు చేసుకోవచ్చు. కార్యకర్తలు ఈ పని వెంటనే చెయ్యాలి. కాని ఆ ఉపగ్రహపు గడి 375 మీటర్లది. దానికి అడవి కనిపిస్తుంది, గుడిసె కనిపించదు. ఆరెగాన్ పటంలో ఉన్న లోపం ఇక్కడ ఇంకా పెద్దది.

గుడిసె ఎక్కడ కనిపిస్తుంది? పరిహారం లెక్కలో కనిపిస్తుంది. విపత్తు సహాయ నిధికి కేంద్రం 2022-23 నుంచి 2025-26 వరకు ప్రకటించిన నియమాలలో అగ్ని ప్రమాదం కూడా ఉంది. దాని ప్రకారం పక్కా ఇల్లు గాని, కచ్చా ఇల్లు గాని పూర్తిగా పోతే మైదానంలో 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతంలో 1,30,000. మరి గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టాలతో వేసుకున్న గుడిసె పోతే? 8,000 రూపాయలు! కచ్చా ఇంటికన్నా తక్కువదని గుడిసెకు వేరే గీత గీశారు.  ఎవరి ఇల్లు ముందు అంటుకుంటుందో వాడికే అందరికన్నా తక్కువ. నష్టభయం ఎక్కువున్న చోట పరిహారం పదిహేనో వంతు. దీన్ని మదింపు అంటారా, వెలివేత అంటారా?

బాధ్యతల సంగతికి వస్తే మాత్రం మనల్ని మరిచిపోలేదు. బ్రిటిష్ వాళ్ళ నాటి 1927 భారత అటవీ చట్టం 79వ సెక్షను, అడవిలో హక్కులు అనుభవించేవాళ్ళు మంట ఆర్పడానికి సాయపడి తీరాలంటుంది. 26వ సెక్షను, నిప్పు కావాలని పెట్టారని తేలితే మేత హక్కు, అటవీ ఫలసాయం హక్కు మొత్తంగా ఆపెయ్యవచ్చంటుంది. ఆర్పడం మన వంతు, నింద మన వంతు, ఇల్లు పోతే ఎనిమిది వేలు మన వంతు.

చెయ్యవలసింది

పటం వద్దని మేము అనం. మంచి పటం కావాలి, దానికి తోడు ఇంటింటి లెక్క కావాలి. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం తమ సామూహిక అడవిని కాపాడుకునే హక్కు గ్రామసభకు ఉంది. ఆ సభే ఈ లెక్క తియ్యాలి. ఇందుకు పండితులు దిగి రానక్కరలేదు. మాఘమాసం రాకముందే పల్లెలో తిరిగి ప్రతి ఇంటికీ ఈ సంగతులు రాసుకుంటే చాలు: అడవి అంచు ఎన్ని గజాలు, ఏ వైపు వాలు, వేసవి గాలి ఎటు నుంచి వస్తుంది, కప్పు దేనిది, చూరు ఎంత కిందికి ఉంది, గోడ చుట్టూ ఐదడుగుల్లో కట్టెలు, గడ్డి, పిడకలు ఉన్నాయా, పక్క గుడిసె ఎంత దూరం, నీళ్ళు ఎక్కడ, పైన కరెంటు తీగ వేలాడుతోందా, నడవలేనివాళ్ళు ఎవరు, పగలు పెద్దలంతా కూలికి పోతే పిల్లల దగ్గర ఎవరుంటారు.

ఇందులో కొన్ని మన చేతిలోనే ఉన్నాయి. గడ్డివామును ఇళ్ళకు దూరంగా, గాలి వాటం కాని వైపు మార్చుకోవచ్చు. గోడ చుట్టూ ఊడ్చి మట్టి నేల ఉంచుకోవచ్చు. రేషన్ కార్డు, పట్టా కాగితాలు ఒక రేకు పెట్టెలో పెట్టుకోవచ్చు. డప్పు కొట్టే మనిషిని, ముసలివాళ్ళను మోసుకుపోయే కుర్రాళ్ళను ముందే అనుకోవచ్చు. డబ్బు లేని పనులివి. రేపే మొదలు పెట్టవచ్చు.

కాని గడ్డి కప్పు తీసి పెంకో స్లాబో వెయ్యడం మన చేతిలో లేదు. అందుకని అడగవలసింది గట్టిగా అడగాలి. అడవి అంచు పల్లెలకు పక్కా ఇళ్ళ మంజూరులో మొదటి వరస ఇవ్వాలి. పల్లె చుట్టూ ఫైర్ లైన్లు కొట్టే పని ఉపాధి కూలీగా, పూర్తి వేతనంతో, వేసవికి ముందే ఇవ్వాలి. మంట ఆర్పబోయే ప్రతి దినకూలికీ బూట్లు, పరికరాలు, శిక్షణ, బీమా ఉండాలి. వేలాడే తీగలకు, అరిగిన కొక్కేలకు విద్యుత్ సంస్థను జవాబుదారీ చెయ్యాలి. హెచ్చరిక కోయలోనో, సవరలోనో, ఏ గూడెం భాషలో ఆ గూడేనికి చేరాలి. అన్నిటికన్నా ముందు, విపత్తు నియమాలలో గుడిసెకు గీసిన ఎనిమిది వేల గీతను చెరిపేసి, ఇల్లు పోయినవాడికి ఇల్లు కట్టుకునే డబ్బు ఇవ్వాలి. చెరపవలసిన గీత ఏదన్నా ఉంటే అది ఇదే.

రోగ్ లోయలో కాలిపోయిన ఒక ట్రెయిలర్ పార్కును, అద్దె నేల మీద బతికిన మనుషులే కూడి, కొన్ని సంస్థల తోడ్పాటుతో, తమ సహకార సంఘం చేతిలోకి తెచ్చుకునే పనికి పూనుకున్నారు. సహకార సంఘంలో ఆ నేల సంగతులు నిర్ణయించేది ఆ నేల మీద ఉండేవాళ్ళే. ప్రభుత్వం పటం గీసినా, చించినా ఈ పని మాత్రం ఆగలేదు. ముప్పు లెక్క ఆ ముప్పులో బతికేవాళ్ళ చేతికి వచ్చినప్పుడే దానికి విలువ. మన పల్లెల్లో ఆ లెక్క ఈ వేసవికి ముందే మొదలు కావాలి.